నల్లమలలో కెమెరా ట్రాప్‌లు: ఆత్మకూరు వైపు మా బ్లాక్ డైరీ

సంక్రాంతి వెళ్ళాక

పులుల్ని లెక్కపెట్టడానికి అడవిలో చెట్లకి కట్టే కెమెరాలు, ముందు నుంచి జంతువు పోతే వాటంతటవే ఫొటో తీసేవి, అన్నీ రేంజ్ ఆఫీసు వెనక గదిలో అట్టపెట్టెల్లో ఉన్నాయి, పోయినేడు సీజన్ అయిపోయాక తుడిచి పెట్టినవే, అయినా ఒక్కోటి విప్పి చూడకుండా అడవిలోకి తీసుకెళ్ళే ప్రసక్తే లేదు. రబ్బరు సీలు దగ్గర చీమలు గూడు పెట్టేశాయా, బ్యాటరీ స్ప్రింగులకి తుప్పు పట్టిందా, లెన్సు లోపల ఫంగస్ ఏమైనా వచ్చిందా, ఇవన్నీ చూసుకోవాలి. కొన్ని పక్కన పెట్టేశాం. మిగతావాటికి కొత్త బ్యాటరీలు, ఫార్మాట్ చేసిన ఎస్‌డీ కార్డులు, లోపల ఒక సిలికా జెల్ పొట్లం. కార్డు మీద, కెమెరా మీద, రిజిస్టర్లో ఒకే నంబరు ఉండాలి. చూస్తే గుమస్తా పని లాగుంటుంది గానీ తర్వాత తలనొప్పులన్నీ ఇక్కడే మొదలవుతాయి.

అన్నిటికంటే ముఖ్యం గడియారం. ఒక జతలో రెండు కెమెరాలు ఉంటాయి, ఒకటి పులి కుడిపక్క తీస్తది ఇంకోటి ఎడమపక్క తీస్తది, రెండిట్లో టైం కలవకపోతే ఆ రెండు ఫొటోలు ఒకే పులివని ఎలా చెప్తాం? చారలు రెండుపక్కలా ఒకేలా ఉండవు కదా. అందుకే అన్నీ వరసగా బల్ల మీద పెట్టి ఒకే ఫోన్ చూసి టైం సెట్ చేశాం. చెట్టుకి కట్టాక కూడా మొదటి ఫొటో పలక పట్టుకుని దిగాలి, పలక మీద గ్రిడ్ నంబరు, తారీఖు, టైం. సినిమా క్లాపు అంటారు మావాళ్ళు.

ఇంతకీ ఎక్కడంటే, నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్, ఆత్మకూరు వైపు. 3,728 చదరపు కిలోమీటర్లు, దేశంలో విస్తీర్ణంలో ఇదే పెద్ద టైగర్ రిజర్వ్. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకి అవతల ఉన్నది అమ్రాబాద్ అని వేరే అయింది, అదొక 2,611. ఇంత అడవికి ఒకేసారి కెమెరాలు పెట్టాలంటే ఎవరి దగ్గరా అన్ని ఉండవు, అందుకే బ్లాకులుగా విడగొట్టి ఒక బ్లాకులో పెట్టి తీసి ఇంకో బ్లాకుకి మోసుకెళ్ళడం. మ్యాపు మీద 2 చదరపు కిలోమీటర్ల గళ్ళు, గడికో జత. ఒక్కో చోట కనీసం 25 రోజులు. మరీ ఎక్కువ రోజులు కూడా ఉంచకూడదు, ఎందుకంటే లెక్కంతా ఈ కాలంలో బ్లాకులో కొత్త పులి పుట్టలేదు, ఉన్నది చావలేదు, వలస పోలేదు అన్న ఊహ మీద నడుస్తుంది, లాగేకొద్దీ ఆ ఊహ పలచబడిపోతుంది.

చెట్లు ఎంచుకునే వారం

మ్యాపులో గడి ఇస్తారు. గడిలో ఎక్కడ అనేది మన ఇష్టం. ఈ ఇష్టంలోనే మొత్తం ఉంది అంటాను నేను.

జీపీఎస్ తీసుకుని గడి మధ్యకి వెళ్తే చాలా చోట్ల అది రాళ్ళ వాలు మీదో వెదురు పొద మధ్యలోనో ఉంటుంది. పులి అక్కడికి ఎందుకొస్తుంది. పెద్ద జంతువులు మనలాగే, దారి ఉంటే దారినే పోతాయి, జీపు రోడ్డు, పాత బండ్ల బాట, ఎండిన వాగు ఇసుక, రెండు కొండల మధ్య కనుమ. కాబట్టి గడిలో అలాంటివి వెతకాలి. పుస్తకంలో ఇంతవరకు రాసుంటుంది. ఆ తర్వాత పని బేస్ క్యాంపు వాచర్లది, వాళ్ళలో ఎక్కువమంది చెంచులు.

మాతో వచ్చే పెద్దాయన ఉద్యోగంలో చేరి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. ఒక గడిలో జీపు రోడ్డు పక్కన మంచి నల్లమద్ది చెట్టు చూసి నేను బెల్టు తీస్తుంటే ఆయన పలుగురాయి మీద కూర్చుని బీడీ నలుపుకుంటా అన్నాడు, "ఈడ పెడితే కొండముచ్చులు పడతాయి సార్, మీ ఇష్టం."

"మరి ఎక్కడ పెడదాం మామా?"

"కిందికి రా."

దిగితే ఒక చోట రెండు వాగులు కలుస్తున్నాయి, నీళ్ళు లేవు, ఇసుక ఉంది. గట్టు మీద వంగిన చెట్టు. దాని మొదట్లో నేల మీద పులి రెండు వెనక కాళ్ళతో గీకినట్టు ఒక చార, వెనక మట్టి కుప్ప, ఆ కుప్ప మీద ఆకులు ఇంకా ఎండలేదు. పెద్దాయన చెట్టుకి మనిషి నడుం ఎత్తులో, కిందివైపు తిరిగిన ఒక ఆకు పట్టుకుని నలపకుండా ముక్కు దగ్గర పెట్టుకుని నాకిచ్చాడు. బాస్మతి అన్నం వండినప్పుడు మూత తీస్తే వచ్చే వాసన. పులి తోకెత్తి చెట్ల మీద చిమ్మే ద్రవంలో ఆ వాసనకి కారణమైన రసాయనమే ఉంటుందని శాస్త్రవేత్తలు తేల్చారు, 2-ఎసిటైల్-1-పైరోలిన్ అని దాని పేరు. పెద్దాయనకి ఆ పేరుతో పనిలేదు. చెట్టు ఒరిగి ఉండాలట, ఒరిగిన చెట్టు కిందిపక్కయితే వాన పడినా వాసన పోదు, అందుకే పులి అలాంటి చెట్టే ఎంచుకుంటుందట. నేను ఆ తర్వాత ప్రతి గడిలోనూ ఒరిగిన చెట్లు చూడ్డం మొదలుపెట్టా, చాలాసార్లు నిజమే.

కెమెరా మోకాలి కంటే కాస్త కిందకి, 40-45 సెంటీమీటర్ల ఎత్తులో. దారి మధ్యకి మూడు మీటర్లకి అటూ ఇటూగా. రెండు కెమెరాలు ఎదురెదురుగా ఉండాలి గానీ సరిగ్గా ఎదురుగా కాదు, కొంచెం పక్కకి జరపాలి, లేదంటే ఒకదాని ఫ్లాష్ ఇంకోదాని లెన్సులో కొట్టి రెండు ఫొటోలూ పోతాయి. మేం తెల్ల ఫ్లాష్ కెమెరాలే వాడుతున్నాం. ఇన్‌ఫ్రారెడ్ అయితే జంతువు బెదరదు నిజమే, కానీ రాత్రిపూట నడుస్తున్న పులి మసగ్గా పడుతుంది, మాకు కావల్సింది పులి కాదు, దాని చార. తూర్పు పడమర వైపు మొహం పెట్టకూడదు, పొద్దునా సాయంత్రం ఎండ నేరుగా కొడుతుంది.

కట్టాక ఒకరు పాకాలి. అవును, నాలుగు కాళ్ళ మీద, దారి మీద, పులి ఎత్తులో. కెమెరా ముందు ఎర్ర లైటు వెలిగితే సరే, లేకపోతే కాస్త కిందికి వంచి మళ్ళీ పాకడం. మా డ్రైవరు ఈ పనిలో ఆరితేరిపోయాడు, తోక ఊపినట్టు కూడా చేస్తాడు. ఆ ఫొటోలన్నీ కార్డులో మొదట్లోనే ఉంటాయి, తర్వాత కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళకి అదో వినోదం.

ముందున్న గడ్డి కోయడం మర్చిపోకూడదు. కెమెరాలో ఉండే పీఐఆర్ సెన్సారు మనిషి అనుకున్నట్టు కదలికని చూడదు, వేడిలో తేడాని చూస్తుంది, చుట్టుపక్కల నేల కంటే వేరే వేడి ఉన్నదేదైనా దాని ముందు నుంచి జరిగితే క్లిక్‌మంటుంది. ఎండకి కాలిన బోదగడ్డి గాలికి ఊగినా దానికి జంతువే. ఒక్క గడ్డి దుబ్బు చాలు, మధ్యాహ్నానికి కార్డు నింపేస్తుంది.

శివరాత్రి ముందు

మా షెడ్యూల్ ఎక్సెల్ షీట్ చూసి కాదు, పంచాంగం చూసి వేసుకోవాల్సి వచ్చింది. వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలానికి కాలినడకన వెళ్ళే దారి ఈ బ్లాకులో కొంత భాగం పడుతుంది. శివరాత్రికి జనం, మళ్ళీ ఉగాదికి కన్నడ భక్తులు, చెప్పులు లేకుండా, కొందరు కర్రకాళ్ళ మీద కూడా. ఆ రోజుల్లో ఆ దారిలో కెమెరా ఉంచితే ఒక్క రాత్రిలో కార్డు నిండిపోతుంది, ఫ్లాష్ మొహాన కొడితే జనం ఊరుకోరు, పైగా పులి కూడా అటు రాదు. అందుకే ఆ దారి పక్క గళ్ళు అన్నిటికంటే ముందు పెట్టి శివరాత్రికి తీసేశాం.

పెద్దాయన మాత్రం జనం వెళ్ళిపోయిన మూడో నాడే పులి మళ్ళీ ఆ దారినే పోతుందని అంటాడు, "దారి దానిది, మనం పండక్కి అడుక్కున్నాం" అని. ఇది కెమెరాతో తేల్చొచ్చు నిజానికి, కానీ ఈ సీజన్ కెమెరాలు వేరే గళ్ళకి రాసేసి ఉన్నాయి. జాతర అయ్యాక ప్లాస్టిక్ ఏరే పనిలో వాచర్లు దిగారు. నీళ్ళ ప్యాకెట్లు. ఎన్నో చెప్పను.

మొదటి కార్డులు

మొదటి విడత కార్డులు ల్యాప్‌టాప్‌లో పడ్డాయి. ఎవరైనా ఈ పనికి కొత్తగా వస్తే ముందే చెప్తున్నా, పులులు చూద్దామని రావొద్దు. 2018లో దేశమంతా జరిగిన పులుల గణన గిన్నిస్ రికార్డుకెక్కింది కదా, 26,838 చోట్ల కెమెరాలు, మొత్తం 3,48,58,623 ఫొటోలు, అందులో పులులు 76,651. చిరుతలు 51,777. అంటే సుమారు నాలుగువందల యాభై ఫొటోలకి ఒక పులి. మిగతాదంతా గడ్డి, దుప్పులు, పశువులు, మనుషులు, పాకే డ్రైవర్లు.

మాకూ అంతే. చుక్కల దుప్పులు లెక్కలేనన్ని, కణితులు, అడవిపందులు, మనుబోతులు, కుందేళ్ళు. ముళ్ళపంది ప్రతి రాత్రీ ఒకే టైముకి డ్యూటీకి వచ్చినట్టు వస్తుంది. ఒక ఎలుగు కెమెరాని చూసి దగ్గరికొచ్చి మూతి పెట్టి వాసన చూసి తర్వాత ఫ్రేములో నోరు మాత్రమే, తర్వాత ఆకాశం, తర్వాత రెండు వారాలు ఆకాశమే. ఇనప డబ్బా ఉండబట్టి కెమెరా బతికింది. రేచుకుక్కల గుంపు ఒకటి పగటిపూట పడింది, నాకు పులి కంటే అదే ఎక్కువ సంతోషం, ఎందుకంటే అవి ఉన్నాయంటే అక్కడ తినడానికి దుప్పి, కణితి బాగా ఉన్నట్టే. హనీ బ్యాడ్జర్ ఒకసారి. అలుగు ఇంతవరకు లేదు.

ఇప్పుడు మనుషుల ఫొటోల సంగతి. ఇది రాయాలా వద్దా అనుకుని రాస్తున్నా.

వాగు పక్క కెమెరాల్లో గూడెం ఆడవాళ్ళు పడ్డారు. గడ్డలు తవ్వుకోడానికో, చీపురుపుల్లలకో, కట్టెలకో వెళ్ళేవాళ్ళు. వాళ్ళ అడవిలో వాళ్ళు నడుచుకుంటూ పోతున్నారు, అంతే. ఒక ఫొటోలో ఒకావిడ కెమెరాని గమనించి కొంగు మొహం మీదకి లాక్కుంది. ఆ ఫొటో చూశాక నేను కాసేపు మిగతా కార్డు తిప్పలేకపోయా. ఉత్తరాఖండ్‌లో కార్బెట్ టైగర్ రిజర్వ్ చుట్టుపక్కల ఊళ్ళలో ఇదే విషయం మీద కేంబ్రిడ్జి యూనివర్సిటీ పరిశోధకులు 2024లో రాశారు, అక్కడ ఆడవాళ్ళు అడవిలోకి వెళ్ళేటప్పుడు గట్టిగా పాటలు పాడుకుంటారట, జంతువులు దూరం జరగడానికి, కెమెరాలు వచ్చాక వాటికి బెదిరి గొంతు తగ్గించేశారట. పులిని కాపాడ్డానికి పెట్టినది మనిషిని పులికి దగ్గర చేస్తే ఇక దానికి అర్థమేంటి?

మేం చేసింది ఇది. సాఫ్ట్‌వేరు మనుషుల్ని వేరే ఫోల్డరులో పడేస్తుంది, ఆ ఫోల్డరు ఒక్కరే తెరుస్తారు, తేదీ-టైం-మనిషి అని ఒక్క ముక్క రాసుకుని ఫొటో చెరిపేస్తారు. వేట ఆయుధం కనబడితే అది వేరే సంగతి, అది రేంజ్ ఆఫీసుకి వెళ్తుంది. రెండోది, పెట్టే ముందే గూడెంలో కూర్చుని ఏ చెట్టుకి ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పాం, ఆడవాళ్ళు స్నానానికి వెళ్ళే చెలమ ఏదో వాళ్ళే చెప్పారు, ఆ వైపు పెట్టలేదు. గణాంకాలకి ఒక మంచి చోటు పోయింది. పోతే పోయింది. మాతో ఉన్న కుర్రాడు ఒకడు దీనికి ఒప్పుకోలేదు, నీళ్ళున్న చోటే కదా పులి పడేది అని, వాడి మాటలో తప్పేం లేదు, కానీ ఒక్క జతకోసం ఆ గూడెంతో చెడితే రేపు చెట్టు చూపించేదెవరు.

ఇంకో సంగతి, పులి ఫొటో వాట్సాప్ గ్రూపుల్లోకి పోకూడదు. చోటు తెలిసిపోతుంది, వెనకాల కనబడే రాయిని బట్టే చెప్పేవాళ్ళున్నారు. స్టేటస్ పెట్టుకోడానికి దుప్పి ఫొటోలు బోలెడున్నాయి.

చారల లెక్క

పులుల ఫొటోలు వేరు చేశాక అసలు పని. మన దేశంలో ఈ పద్ధతికి దారి చూపింది పులుల శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్, 1990ల్లో కర్ణాటకలోని నాగరహొళె అడవిలో. చారల్ని బట్టి ఒక్కో పులిని గుర్తుపట్టి, ఏది ఎన్నిసార్లు ఎక్కడ మళ్ళీ పడిందో చూసి, పడనివి ఎన్ని ఉండొచ్చో లెక్క కట్టడం. అంతకుముందు పాదముద్రలే. పెద్దాయన ఆ పని చేసినవాడే, అడుగు మీద గాజు పలక పెట్టి పెన్నుతో గీత గీసుకునేవాళ్ళు, ప్లాస్టర్ పోసేవాళ్ళు. ఒకే పులి బురదలో ఒక సైజు, ఇసకలో ఇంకో సైజు అడుగు వేస్తుంది, గీసేవాడి చెయ్యి బట్టి మారుతుంది, అందుకే లెక్క తప్పేది. 2005లో రాజస్థాన్‌లోని సరిస్కా టైగర్ రిజర్వ్‌లో పులులు ఒక్కటీ మిగల్లేదని తేలాక ఆ పద్ధతి పక్కన పెట్టి 2006 నుంచి ఇప్పటి పద్ధతికి వచ్చారు. 2022 గణనలో ఆంధ్రప్రదేశ్‌కి 63, తెలంగాణకి 21 అని వచ్చింది ఈ పద్ధతిలోనే, 2018లో అవి 48, 26.

సాఫ్ట్‌వేరులో పులి ఫొటో పెట్టి భుజం, తుంటి, తోక మొదలు, పొట్ట అంచు ఇలా పాయింట్లు నొక్కితే అది పులి ఒంటి మీద ఒక త్రీడీ బొమ్మ కప్పుతుంది, వంగి నడిచినా పక్కకి తిరిగినా ఆ చారల్ని సాపు చేసి చదునుగా తీస్తుంది, తర్వాత పాతవాటితో పోల్చి ఇది ఫలానాది కావచ్చు అని స్కోరు ఇస్తుంది. ఆఖరి మాట మాత్రం కంటిదే. ఇద్దరం విడివిడిగా చూసి, ఇద్దరం ఒకటే అంటేనే ఒకటి. నేను ముందు పక్కటెముకల మీద చూస్తా, ఎక్కడైనా ఒక చార రెండుగా చీలి మళ్ళీ కలుస్తుందా అని. ఆ కన్ను లాంటి ఆకారం దొరికితే మిగతాది తొందరగా తేలుతుంది.

ఇప్పుడు ఇరుక్కున్న చోటు. కనుమ దగ్గర జతలో ఒక పులి ఎడమపక్క మాత్రమే పడింది, ఎదురు కెమెరాకి సాలెపురుగు గూడు కట్టేసింది. వాగుల కూడలి దగ్గర, అదే పెద్దాయన చూపించిన ఒరిగిన చెట్టు దగ్గర, ఇంకో రాత్రి కుడిపక్క మాత్రమే పడింది, పులి అవతలి గట్టు ఎక్కి పోయింది. రెండూ ఒకటేనా వేరువేరా? చారలు చెప్పలేవు, కుడిని ఎడమతో ఎలా పోలుస్తాం. నియమం ప్రకారం ఏదో ఒక పక్కనే లెక్కలోకి తీసుకోవాలి, అంటే కాగితం మీద ఒకటే పులి.

పెద్దాయన రెండంటాడు. కనుమ దగ్గరది మగది, అడుగు చతురస్రంగా ఉంది, వాగు దగ్గరది ఆడది, వేళ్ళు కాస్త సాగి ఉన్నాయి, పైగా గట్టు ఎక్కినప్పుడు ఎడం వెనక కాలు లోపలికి పడిందట. "ఫొటో అడగొద్దు సార్, ఇసక చూడు" అన్నాడు. పాదముద్రల పద్ధతి ఎందుకు తీసేశారో ఇప్పుడే పైన రాశా, అదంతా నిజమే, దేశం మొత్తానికి లెక్క అలా కట్టకూడదు. కానీ ఒక వాగులో, తన కళ్ళముందు ఇన్నేళ్ళుగా తిరుగుతున్న జంతువుల గురించి ఆయన చెప్తున్నది లెక్క కాదు, పరిచయం. దీన్ని ఏ కాలమ్‌లో రాయాలో మా ఫారంలో లేదు. రిమార్కుల్లో రాశా. పై ఆఫీసులో చదువుతారో లేదో.

హోలీ తర్వాత, ఎండలు

మధ్యాహ్నం ఫొటోలు దాదాపు ఆగిపోయాయి. జంతువులు నీడలో పడుకుంటాయి, అదొక కారణం. రెండోది సెన్సారు. నేల, రాయి, పులి ఒళ్ళు అన్నీ దాదాపు ఒకే వేడికి వచ్చేస్తే తేడా కనబడదు, కెమెరా ముందు నుంచే పోయినా దానికి తెలీదు. అందుకే మధ్యాహ్నం ఖాళీగా ఉందంటే జంతువులు లేవని రాయకూడదు. రాత్రి రెండు దాటాక మళ్ళీ బాగా పనిచేస్తుంది.

నీళ్ళు తగ్గాయి. సాసర్ పిట్లలో, అంటే జంతువులు తాగడానికి కట్టిన పళ్ళెం లాంటి తొట్లలో, ట్యాంకరుతో పోస్తున్నారు, కొన్నిచోట్ల సోలార్ బోర్లు. అన్ని జంతువులూ అక్కడికే చేరతాయి కాబట్టి అక్కడ కెమెరా పెడితే ఫొటోలు బాగా వస్తాయి, కానీ అలా నీటి దగ్గరే పెట్టుకుంటూ పోతే బ్లాకంతా జంతువులు కిక్కిరిసి ఉన్నట్టు అనిపిస్తుంది, అది మోసపు బొమ్మ. మేం గడికో జత అన్న నియమం వదల్లేదు.

నిప్పు భయం మొదలైంది. మంట దాటకుండా గడ్డి తీసేసే ఫైర్ లైన్లు ముందే కొట్టారు, అయినా ఒక పక్క మంట లేచి వాచర్లందరూ పచ్చి కొమ్మలతో అటు పరిగెత్తారు, మా కార్డులు మార్చే పని ఆగింది. రెండు కెమెరాల బెల్టులు కాలి కింద పడ్డాయి, లోపల కార్డులు బాగున్నాయి. ఒక జత గొలుసుతో సహా మాయం. ఎవరో తెలీదు, ఫిర్యాదు ఇచ్చాం, ఆ గడి డేటా అంతవరకే.

ఈ బ్లాకు ముగించే ముందు మిగిలిన బ్యాటరీలు లెక్క చూసుకుంటే ఒక జత అదనంగా నడపొచ్చని తేలింది. నియమం ప్రకారం గడికో జతే, అదనపు జత ఫొటోలు అసలు లెక్కలో కలపం, కానీ ఎవరు ఎవరో గుర్తుపట్టడానికి వాడుకోవచ్చు. పెద్దాయన్ని అడిగితే కూడలికి పైన, వాగు సన్నబడి రెండు బండల మధ్య ఒక్క మనిషి పట్టేంత సందులో కట్టమన్నాడు, అక్కడ గట్టు ఎక్కే వీలుండదు, అటు పోయేది ఏదైనా రెండు కెమెరాల మధ్య నుంచే పోవాలి. కట్టాం. డ్రైవరు పాకాడు, రెండు లైట్లూ వెలిగాయి. కుడీ ఎడమా రెండూ ఒకే రాత్రి పడితే పాత రెండు ఫొటోల్లో కనీసం ఒకదానికి జత దొరుకుతుంది, అప్పుడు రిమార్కుల్లో రాసింది తీసి లెక్కలోకి మార్చాలో లేదో తేలుతుంది. కార్డు వచ్చే సోమవారం తీస్తాం, అదే రోజు మిగతావన్నీ విప్పి తర్వాతి బ్లాకుకి జీపులో వేస్తాం.